అట్నే అనొద్దు

కావలి ట్రంకు రోడ్డులో
టైర్ల కొట్టు పైన డాబా.
ఆదివారం పూట దాని మీద సుద్దముక్కతో రన్‌వే గీస్తాను,
పడమటి కొసన సున్నా తొమ్మిది, తూర్పు కొసన రెండు ఏడు.
నీళ్ల ట్యాంకు మెట్లెక్కి నిలబడితే అదే టవరు.
దండెం మీద ఎవరిదో లుంగీ
గాలి ఎటో చెబుతుంది.
ఇంకా విమానం దిగని ఊళ్లో
టవరుకు పిల్లల్ని తయారు చేస్తున్నానని
కింద టైర్ల ఖాదర్ మస్తాను నవ్వుతాడు.

పిల్లలే విమానాలు.
మెడలో అట్టముక్క, అట్ట మీద పేరు.
చెప్పులు విడిచి నడుస్తారు, డాబా కాలుతుంటే
అందరికీ ముందే దిగిపోవాలని ఉంటుంది.
"వరసలో మూడోవాడివి, ఆగు" అంటాను.
ఎండాకాలం నేర్పితేనే
ఆగడమంటే ఏమిటో అరికాళ్లకు ఎక్కుతుంది.

కందుకూరు నుంచి బస్సులో వచ్చే మాలకొండయ్య
నోట్లో ఒకటే మాట.
"గీత దగ్గర ఆగు, రన్‌వే మీదికి రావద్దు."
"అట్నే సార్."
"ఎట్నే?"
"మీరు చెప్పినట్టే సార్."
నేనేం చెప్పానో నువ్వు చెప్పబ్బాయ్,
నా మాట నీ నోట్లోంచి నాకే వినపడాలి,
బాకీ తీర్చినట్టు, నోటుకు నోటు, చిల్లరకు చిల్లర.
అట్నే అనేది పెళ్లి పిలుపులకి, చీటీ వాయిదాలకి.
తలూపితే రేడియోలో వినపడదు.

ఒక వానరాత్రి, చాలా దూరపు ఊళ్లో,
నేనూ ఒక "సరే"ని నమ్మాను.
ఆ పదకొండు సెకన్ల సంగతి పిల్లలకు చెప్పను.
సుద్దగీత మాత్రం రెండుసార్లు దిద్దుతాను.

మొన్న మాలకొండయ్య వాళ్లమ్మ ఫోన్లో
అర్ధకిలో చింతపండు తెమ్మంటే, మిరపకాయలు వద్దంటే
"చింతపండు అర్ధకిలో, మిరపకాయలు వద్దు" అన్నాడట.
చెవులకేమైందిరా నీకు అని ఆమె కంగారు పడిందట.

వకుళ మొదటి రోజు నుంచీ తప్పలేదు.
అంకె అంకెగా తిరిగి చెప్పేది.
జిలాని దారి తప్పి మీదికి నడిచొచ్చినా
గొంతు పెరిగేది కాదు,
కొలపాత్రతో పాలు పోసినట్టు మాట.
"ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"
"మా అమ్మ గేటు కాడ సార్."

పోయిన బుధవారం పని కల్పించుకుని పోయాను.
బిట్రగుంట దాటాక వరి మళ్ల మధ్య రైలు గేటు.
నేను చేరేసరికి వాలిపోయింది.
ధాన్యం ట్రాక్టరు, రొయ్యల వ్యాను, రెండు ఆటోలు, నేను.
గది తలుపు తీసే ఉంది.
ఫోను చెవికానించి పెంచలమ్మ,
"గేటు వేశాను. తాళం పడింది. నా నంబరు మూడు ఏడు, ముప్పై ఏడు."
అవతల స్టేషన్ మాస్టరు గొంతు నాకు వినపడలేదు.
ఆమె మాత్రం వింది, చివరి అంకె దాకా వింది,
"అవును, ముప్పై ఏడు" అంది.
కాగితం మీద ఆ అంకెను కొట్టేసింది.
ఇక అది ఇంకో బండికి పనికిరాదు.

హారన్లు.
"ఏందమ్మే, ఐసు కరిగిపోతుండాది,
బండి కనపడదే, ఒక్క నిమిషం ఎత్తు!"
రొయ్యల వ్యానువాడి కేక.
పచ్చజెండా విప్పుకుంటూ ఆమె
అటు చూడనైనా చూడలేదు.
కేక వెళ్లి కంకర్లో పడింది.

ముప్పై ఒక్క ఏళ్లు ఆకాశంలో మనుషుల్ని
తిప్పి తిప్పి నిలబెట్టినవాణ్ణి,
స్కూటరు ఆపి ఎండలో కూర్చున్నాను.
ఆగమని నాకు ఇంత స్పష్టంగా
ఎవరూ చెప్పలేదు ఇన్నేళ్లలో.

బండి వచ్చింది, నేల అదిరింది, పోయింది.
గేటు లేపే ముందు ఆమె మళ్లీ ఫోనెత్తింది.

నేనెవరో ఆమెకు చెప్పలేదు.
పట్టాల మీద స్కూటరు ఎగిరెగిరి పడుతుంటే
ఎవరికీ వినపడకుండా
"ఆగి ఉన్నాను, ఇప్పుడు దాటుతున్నాను" అన్నాను.